పక్కన పెట్టిన ఉత్తరం

ఆ రోజు జర్మనీలో ఆకెన్ వెళ్లే రైలు దారిలో ఆగిపోయి గంటసేపు కదల్లేదు. ఫోన్‌లో మా ఫ్రెండ్ ఇమ్రాన్ వీసా ఆఫీసు అపాయింట్‌మెంట్ గురించి అడిగాడు. ఇక్కడ దాన్ని టెర్మిన్ అంటారు.

"టెర్మిన్ దొరికిందారా?"

"దొరకలే. పదకొండు రోజుల్ల వీసా ఖతం. ఇప్పుడే మెయిల్ కొడుతున్న, ఒక్కొక్కని తాట తీస్త."

ఫోన్ పెట్టేసి టైప్ చేయడం మొదలుపెట్టాను. ఎదుటి సీట్లో ముసలాయన ఇంగ్లిష్‌లో పలకరించాడు.

"స్క్రీన్ పగిలేలా ఉంది. ఎవరికి?"

"వీసా ఆఫీసుకి," అని కసిరాను.

ఆయన స్కాట్లాండ్‌లో చాలా ఏళ్లు ఎంపీగా చేశాడట. ప్రతి శనివారం ఊరి లైబ్రరీలో కూర్చుంటే జనం ఇలాంటి గోడులే తెచ్చేవాళ్లట. మెయిల్ చూపించమన్నాడు. చూపించాను.

"అన్నీ తిట్లే. వీసా తేదీ ఏది?"

"చివర్లో ఉంది."

"ఒకామె కూడా ఇలాగే రాసింది. మొదటి పేజీ నిండా నన్ను తిట్టింది. నాకు ఒళ్లు మండి, సోమవారం చూద్దాంలే అని పక్కన పెట్టాను. ఆమె భర్తను ఆదివారమే విమానం ఎక్కించి దేశం దాటించేస్తున్నారని రెండో పేజీలో ఉంది."

"మరి ఆమె?"

"తర్వాతి శనివారం వచ్చింది. కాసేపు నా ఎదురుగా కూర్చుంది. ఏమీ అడక్కుండా వెళ్లిపోయింది."

"తప్పు మీదే కదా!" అని అరిచేశాను.

"నాదే. నీ మెయిల్ చదివేవాడూ నాలాంటివాడే అయితే?"

తిట్లు తీసేయడానికి నాకు మనసొప్పలేదు. తేదీని మాత్రం మొదటి లైన్లో పెట్టి పంపాను.

తొమ్మిదో రోజుకి టెర్మిన్ దొరికింది. అడగాల్సినవన్నీ ఫోన్‌లో రాసుకుని వెళ్లాను. ఆఫీసర్ ఎదుట కుర్చీలో కూర్చోగానే, ఏమీ అడక్కుండా వెళ్లిపోయిన ఆమె గుర్తొచ్చింది. ఫోన్ తీసి, రాసుకున్నవాటిలో మొదటిది అడిగాను.