చిన్నమ్మ కుట్టుమిషను, నా ఫ్రెంచి దుంప

ఆ రోజుల్లో మా పుదుచ్చేరిలో ఫ్రెంచి వచ్చినవాడికి రానిదంటూ ఏదీ ఉండదని అందరూ నమ్మేవాళ్ళు. అందరికంటే గట్టిగా నేను నమ్మేవాణ్ణి. పదిహేడేళ్ళకే ఫ్రెంచి పరీక్ష పాసయ్యానన్న గర్వంతో, ఇంట్లో గడియ ఊడినా, లాంతరు పొగ కక్కినా "జరగండి, నేను చూస్తా" అని ముందుకు ఉరికేవాణ్ణి. (నేను చూశాక ఆ లాంతరు మళ్ళీ వెలగలేదు. ఆ సంగతి ఇప్పుడెందుకులెండి.)

అమ్మ పోయాక నన్ను పెంచింది చిన్నమ్మ. మా ఇద్దరినీ పోషించింది ఆమె కుట్టుమిషను. ఒకసారి ఒక దొరసాని తన కూతురికి జూలైలో వచ్చే ఫ్రెంచివాళ్ళ జాతీయ పండుగకు ఫ్రాకు కుట్టమని పట్టుగుడ్డ ఇచ్చి వెళ్ళింది. నచ్చితే ఇకమీదట వాళ్ళింటి బట్టలన్నీ చిన్నమ్మకే ఇస్తానంది. సాయంత్రం దొరసాని వస్తుందనగా, పొద్దున మిషను మొరాయించింది. నాలుగు కుట్లు పడితే చాలు, దారం పుటుక్కున తెగుతోంది. చిన్నమ్మ మూత తీయబోతే నేను చెయ్యి అడ్డం పెట్టాను. "పుస్తకం చూడకుండా ముట్టుకోకూడదు చిన్నమ్మా! ఇది దొరల మిషను."

ఆమె బుద్ధిగా పక్కకు జరిగింది. మిషనుతో వచ్చిన పుస్తకంలో బొమ్మల పేజీలన్నీ ఎలుకలు తినేశాయి. మిగిలినదాంట్లో, దారం తెగితే 'నవెత్'ను బయటికి తీసి, శుభ్రం చేసి, చుక్క నూనె వేసి, మళ్ళీ లోపల పెట్టమని ఉంది. 'నవే' అంటే దొరలు కూర వండుకునే తెల్లదుంప అని నాకు తెలుసు. మాట చివర 'ఎత్' చేరితే అది చిన్నదని అర్థమని మా మాస్టారు చెప్పనే చెప్పారు. అంటే చిన్న దుంప! మిషనులో ఎంత వెతికినా దుంప కనిపించలేదు. పాతది అరిగిపోయి ఉంటుందని తేల్చేశాను.

"దుంపా? పుస్తకంలో అట్నే రాసుండాదా?" అంది చిన్నమ్మ.

"వ్యాకరణంతో సహా చూశాను."

"సరి సామీ, సీక్కిరం కానీ. దొరసాని వచ్చేస్తాది." అంటూనే ఆమె పట్టుగుడ్డను తీసి పెట్టెలో దాచేసింది. (ఆ దాచడంలోని అర్థం నాకు చాలా ఏళ్ళకు తెలిసింది.)

బజారుకు పరుగెత్తి దుంప తెచ్చాను. సగం కోసి, చెక్కు తీసి, ఆముదం పూసి, సూది కిందున్న సందులో కుక్కి చక్రం తిప్పాను. సూది పటుక్కుమంది. దుంప తురుము నా మొహం నిండా చిమ్మింది. నాకు ఏడుపొచ్చింది. నా ఫ్రెంచి వల్ల చిన్నమ్మ నోటి దగ్గర కూడు పోయిందనిపించింది.

చిన్నమ్మ తురుమంతా తుడిచి, కొత్త సూది వేసి, మిషను కింద నుంచి చిన్న ఇనుప ముక్క ఒకటి బయటికి తీసింది. కింది దారం ఉండేది అందులోనే. పడవలా ఉంటుందని ఆమె దాన్ని పడవ అనే పిలిచేది. అందులో ఇరుక్కున్న దారప్పోగును పిన్నుతో లాగి పారేసి, మళ్ళీ పెట్టి తొక్కింది. మిషను గడగడా నడిచింది.

సాయంత్రం దొరసాని ఫ్రాకు చూసి మురిసిపోయింది. తుడవగా మూల మిగిలిపోయిన తురుము కంటపడి, ఇదేమిటని నన్నడిగింది. తప్పక చెప్పాను. ఆమె ఆ పడవను వేలితో చూపించి "నవెత్!" అని, నవ్వు ఆపుకోలేక చాప మీద కూలబడింది.

"ఏందిరా, ఆయమ్మ అట్ల నవ్వుతాండాది?"

"ఫ్రాకు బాగుందంట చిన్నమ్మా."

"మిషను బాగుచేసింది మావాడేనని చెప్పు. నువ్వు చదివినోడివని ఆయమ్మకి తెలియాల గదా."

ఆ మాటను కూడా నేనే ఫ్రెంచిలోకి మార్చి చెప్పాల్సి వచ్చింది! దొరసాని నవ్వు ఆపుకుని, నా కేసి చూసి గౌరవంగా తల ఊపింది. ఆ ఇంటి కుట్టుపనితోనే నా మిగతా చదువంతా సాగింది. తర్వాత ముప్పై ఏళ్ళు సర్కారు కచేరీలో ఫ్రెంచి కాగితాలు తెలుగులోకి, అరవంలోకి మార్చి బతికాను. ఎంత తెలిసిన మాటైనా నిఘంటువు చూడకుండా రాయలేదు.

ఆ రాత్రి చిన్నమ్మ మిగిలిన సగం దుంపను పులుసు పెట్టింది. వడ్డిస్తూ "మిషను తినలేదు, మనమన్నా తిందాం" అంది, నా మొహం చూడకుండా. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ బజారులో ఆ దుంప కనిపిస్తే ఒకటి కొని పులుసు పెట్టిస్తాను. రుచి ఏమంత బాగుండదు. ఆ రోజూ బాగాలేదు, కానీ ఇద్దరం గిన్నె ఖాళీ చేశాం.