బావ నల్లి, నా అరవై నాలుగు కత్తి

ఒక కత్తి వల్ల మా ఇంట్లో బోనాల పండుగకు వచ్చిన చుట్టాలు పప్పు తిని వెళ్లారు. కత్తి మొద్దుబారి కాదు, మరీ మంచిదై. ఎలాగో చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

శాలిబండలోని మా ఇంట్లో వంటకత్తి మామూలు రకం. పదిహేను రోజులకోసారి నా భార్య సుజాత దాన్ని పింగాణీ కప్పు అడుగున రుద్దుతుంది. నిమిషం పని. ఎవరూ నేర్పకుండానే లెక్కల పిచ్చి పట్టినవాణ్ని కదా, ఏడాదికి ఇరవై నాలుగు నిమిషాలు వృథా అని తేల్చాను. ఆ నిమిషాలు మిగల్చడానికి నాలుగు నెలలు ఫోన్‌లో ఉక్కు రకాలు చదివాను. చివరికి ఉక్కు గట్టిదనం కొలిచే స్కేలు మీద అరవై నాలుగున్న ఖరీదైన కత్తి తెప్పించాను.

అది టమాటాను ఎంత పల్చగా కోసిందంటే, ముక్కలోంచి కిటికీ కనిపించింది. సుజాతకు చూపించాను.

"కూరల ఏస్తే గదీ గుజ్జే, గిదీ గుజ్జే," అంది.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ బోనాలకు బావ రావాలి. కిందటేడు నల్లి, అంటే మూలుగున్న బొక్క, ఆయనకు బదులు పక్కాయన ప్లేటులో పడింది. ఇంటల్లుడికి నల్లి వేయలేదని అలిగి ఆయన మళ్లీ మా గడప తొక్కలేదు. అక్క రాకపోకలూ ఆగిపోయాయి. ఈసారి ఎలాగో ఒప్పించి, అక్క ఫోన్ చేసింది.

"తమ్మీ, నల్లి యాదుంచుకో. మల్ల అలిగితే ఇగ నేను గూడ రాలేను."

నల్లి నా చేతుల్లోనే ఉండాలనుకున్నాను. మటన్ దుకాణంలో ఖాజా భాయ్ కత్తి ఎత్తగానే ఆపి, తొడ అలాగే ఇమ్మన్నాను. ఇంట్లో నా కత్తి ఉందన్నాను. ఆయన భుజాలెగరేసి కవర్లో పెట్టి ఇచ్చాడు.

మొదటి దెబ్బకు బొక్క చెక్కుచెదరలేదు. కత్తి అంచులో మాత్రం బియ్యపుగింజంత ముక్క లేదు. గట్టి ఉక్కు గాజులా పెళుసని అప్పట్లో చదివాను కూడా. అందులో అంకె లేదు కదా అని వదిలేశాను.

ఆ ముక్క మాంసంలో ఎక్కడో ఉంది. ఫ్రిజ్ తలుపుకున్న మామిడిపండు అయస్కాంతం తీసి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి, మటన్ గిన్నె మీద గుండ్రంగా తిప్పుతూ కూర్చున్నాను. అప్పుడే బావ లోపలికి వచ్చాడు, వెనకే అక్క గడప దాకా వచ్చింది. ఆయన చాలాసేపు చూశాడు.

"ఏంది బామ్మర్దీ, మటన్‌కు దిష్టి తీస్తున్నవా?"

జరిగింది చెప్పాను. ముక్కలో సగమే దొరికిందనీ చెప్పాను. ఇక బావ వెనుదిరిగి వెళ్లిపోతాడేమోనని అక్క గడప దగ్గరే నిలబడింది. కాసేపటికి ఆయన భుజాలు కదలడం మొదలైంది. నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకున్నాడు. అక్క చెప్పులు విప్పింది.

సుజాత మటన్ మొత్తం పారేసి, పాత కత్తిని కప్పుకు రుద్ది టమాటాలు కోసింది. బావ పప్పు రెండుసార్లు వేయించుకున్నాడు.

మరుసటి బోనాలకు బావ దుకాణంలోనే ముక్కలు కొట్టించి మటన్ తనే తెచ్చాడు, పైన నల్లితో సహా.

"నల్లి ఎవ్వలకేసినా ఫికర్ లేదు గని, నువ్వు మాత్రం కత్తి తియ్యకు," అన్నాడు.

ఖరీదైన కత్తి అల్మారాలోనే ఉంది. పదును పోదని అమ్మినవాళ్లు చెప్పింది నిజమే. ఏడాదిగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. కాబట్టి ఆ పింగాణీ కప్పు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో ఏ కత్తినీ దాని నంబరు అడగను.