మా ఆయన చెవికి నప్పినది

మొన్న ఆదివారం మా మనవరాలు క్లాంగు పట్నం నుంచి ఫోన్ చేసింది. తాత తగిలించుకునే హెడ్‌ఫోన్‌లో ఛార్జింగ్ పూట కూడా నిలవడం లేదని విని, కొత్తది కొంటానంది. ఇప్పుడు చాలా రకాలొచ్చాయట, ఇంకా తేలికైనవి, ఇంకా అందమైనవి, ఏది కావాలో చెప్పమంది. అదే రకం కొను, వేరే రకం తెస్తే తిరిగి పంపేస్తాను అన్నాను. పిల్ల నవ్వింది. నవ్వదూ మరి. నేను ఏ వస్తువుకీ ఇదే కావాలని పట్టుబట్టే మనిషిని కాను. చవగ్గా రావాలి, విరిగితే బాగుచేసుకునేట్టుండాలి, అదే నా లెక్కలో మంచి వస్తువు. మా రైస్ కుక్కర్ మూతకు పిడి ఊడిపోతే చెక్క గరిటె ముక్క బిగించి వాడుతున్నాను, అన్నం బాగానే ఉడుకుతోంది. అలాంటిదాన్ని ఈ ఒక్కదాని దగ్గర మాత్రం బేరమాడను. ఎందుకంటే మా ఆయన చెవుల సంగతి మొదటినుంచీ చెప్పాలి.

మేమిద్దరం ఈ మలేసియాలోనే, బటాంగ్ బెర్జుంటై దగ్గర రబ్బరు ఎస్టేటులో పుట్టినవాళ్ళం. కూలీల ఇళ్ళ వరసను లైను అనేవాళ్ళు, ఆయనది ఒక లైను, మాది దాని వెనక లైను. అక్కడ పిల్లలకు చెవి నొప్పొస్తే వెల్లుల్లి వేసి కాచిన నూనె రెండు చుక్కలు పోసి, దూది పెట్టి, పోయి ఆడుకోమనేవారు. అందరి పిల్లలకూ నాలుగు రోజుల్లో దూది తీసేస్తే, ఆయన చెవిలో దూది మాత్రం ఏడాది పొడుగునా ఉండేదట, చీము ఆగక. మీసాలొచ్చే నాటికి తగ్గిందని మా అత్తగారు చెప్పేది. పెళ్ళయ్యాక నేను చూసింది ఒక్కటే, మనిషి మాట మరీ మెత్తన. చెవిలో చెప్పినట్టు చెప్పేవాడు. కొత్తలో అది నా మీద ప్రేమనుకున్నాను. తరవాత చూస్తే కోళ్ళను తోలేటప్పుడూ అదే గొంతు.

ఎస్టేటులో రబ్బరు చెట్లు పోయి పామాయిలు చెట్లు వచ్చాక కువాలా సెలంగోర్ ఊరు చేరి, వరస ఇళ్ళలో చిన్న ఇల్లు చూసుకున్నాం. ఆయన రిటైరయ్యి ఇంట్లో కూర్చున్నాక గాని తెలియలేదు, నా మాటలు ఆయనకు సగం కూడా అందడం లేదని. ఆయన మెత్తగా అన్నది నాకు వినపడదు, నేను అన్నది ఆయనకు వినపడదు. ఆ ఇంట్లో ఇద్దరం కలిసి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏటి, ఏటి అనుకుంటూ ఉండేవాళ్ళం. అరిస్తే వినపడేది. కానీ అరిచి చెప్పదగ్గ మాటలు ఎన్నుంటాయి? అన్నానికి రా, వాన వస్తోంది బట్టలు తియ్యి, గ్యాసు అబ్బాయి వచ్చాడు. అవి అయిపోతే ఇక మాటలుండేవి కావు. చివరికి పోట్లాట కూడా లేకుండా పోయింది. అరిచి పోట్లాడొచ్చు, కాని ఎదుటివాడు జవాబివ్వకపోతే అది పోట్లాట కాదు, ఒక్కదాన్నే గొంతు చించుకోవడం.

ఇంతవరకూ ఎవరికైనా వచ్చేదే. కానీ మా ఆయన శనివారం రామమందిరానికి వెళ్ళి హార్మోనియం ముందు కూర్చున్నాడంటే ఒక్క స్వరం తప్పేది కాదు. ఆ పెట్టె ఆయన తండ్రి రోజుల నాటిది. ఎడం చేత్తో తిత్తి ఊదుతూ, కుడి చేత్తో మెట్లు నొక్కుతూ, ఒంగి గెడ్డం పెట్టె మీద ఆనించి, కళ్ళు మూసుకుని వాయిస్తాడు. చూసినవాళ్ళంతా అది భక్తి అనుకునేవారు. ఆయన దగ్గర నేర్చుకున్న కుర్రాళ్ళు కూడా, వాయించడం వచ్చినా రాకపోయినా, ముందు గెడ్డం ఆనించడం నేర్చుకున్నారు. ఒకసారి ఆంధ్రా నుంచి వచ్చిన భజన గురువొకాయన వరసగా ఒంగిన ఆ తలకాయలు చూసి ఇదేం బాణీ అని అడిగితే, ఇది మా ఎస్టేటు సంప్రదాయమండీ, పెద్దల నుంచి వచ్చింది అని చెప్పారు మావాళ్ళు. ఆ గురువుగారు కూడా తలాడించి, పోయేలోగా ఒకసారి ఆనించి చూశాడు.

అంత చక్కగా వాయించేవాడికి చెవుడంటే ఎవరు నమ్ముతారు? మా తోటికోడలైతే మందిరం మెట్ల మీదే అనేసింది. "అక్కా, బావకి సెవుడు నేదు. నీ గొంతుకే సెవుడు." అందరితో పాటు నేనూ నవ్వాను. ఇంటికొచ్చి, ఆయన వెనక నిలబడి ఇల్లు అంటుకుందని మామూలు గొంతుతో అన్నాను. కదల్లేదు. నటన కాదని తెలిసింది, కానీ ఆ తెలియడమే నన్ను ఇంకా కుంగదీసింది. గోడ గడియారం చప్పుడు ఆ ఇంట్లోవాళ్ళకు వినపడదు. వినీ వినీ చెవి దాన్ని వదిలేస్తుంది. నా గొంతూ ఆయనకు అలాగే అయిపోయిందనుకున్నాను. హార్మోనియం వినపడుతుంది, పెళ్ళాం వినపడదు. ఆ మాట ఎవరితో చెప్పుకుంటాం?

అప్పట్నుంచి నాకొక అలవాటు పడింది. చేపలు బాగుచేస్తూ, కూర తరుగుతూ, ఆయన ఎదురుగా కూర్చుని ఉండగానే, నోటికొచ్చింది మామూలు గొంతుతో అనేసేదాన్ని. ఎలాగూ గోడే కదా. అందులో తిట్లుండేవి. తిట్లు కానివీ ఉండేవి. మా అమ్మ నన్ను పెంచిన తీరులో మొగుడితో మొహం మీద అనరాని మాటలవి. వినపడదని ధీమాతో అన్నాను గాని, లేకపోతే నాలిక కోసుకునేదాన్ని.

చెవికి ఏదో ఒకటి కొనాలని మొదట అన్నది మా అబ్బాయి. బఠానీ గింజల్లాంటి రెండు ముక్కలు తెచ్చాడు, తీగ లేదు, చెవిలోకి దూర్చుకోవాలి. కూచున్నంతసేపే ఉండేవి, తల తిప్పితే రాలిపోయేవి. ఒకటి మందార మొక్క మొదట్లో పడితే మూడో నాటికి దొరికింది. ఈలోగా చెవి దురద, తరవాత చిన్నప్పటి చీము మళ్ళీ. క్లినిక్కులో డాక్టరమ్మ దీపం వేసి చూసి, లోపలి పొర చిన్నప్పుడే చిల్లు పడిందని, చెవిలోపల ఏదీ పెట్టొద్దని, చెవి మిషను కూడా తడి చెవికి పనికిరాదని చెప్పింది. చిల్లు చెవితో హార్మోనియం ఎలా వినపడుతోందని అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడగలేదు. నా గొంతే పడట్లేదేమో చూడమ్మా అని డాక్టరుతో ఎలా అంటాం.

తరవాత కోడలు తన పెద్దవాటిని ఇచ్చింది. కొబ్బరి చిప్పల్లా రెండు చెవులనూ మూసేస్తాయి, బయటి రొద రానివ్వవట. మన ఉక్కకు చెవులు ఉడికిపోయేవి. రొద రానివ్వని వస్తువు చెవిటివాడికెందుకని నేనంటూనే ఉన్నాను. ఆయనకు మాత్రం తెగ నచ్చాయి. పాట పెట్టకుండానే తగిలించుకుని హాయిగా కూర్చునేవాడు. లాగి తీసేశాను. ఆ పైన నేనే మా వీధి పసార్ మాలంలో, రాత్రి సంతలో, తీగ ఉన్నవి ఒక జత కొన్నాను. వాటి మెత్త ఊడి, పెనం మాడిన పొక్కుల్లా ఆయన చెవులకూ భుజాలకూ అంటుకునేది. ఒక పక్కే మోగేది. ఒక పక్క మోగుతోందిగా అని ఇంకో నెల వాడించాను.

అది చూసి మా మనవరాలికి కోపమొచ్చింది. తెలుగు అర్థమవుతుంది గాని మాట్లాడటం తక్కువ ఆ పిల్లకు. తమిళం, మలాయి కలిపి వడ్డిస్తుంది. ఆ రోజు మాత్రం తెలుగులోనే చెప్పింది, ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే 'లా' ఒక్కటి తప్ప. "మామ్మా, ముందు తాతకి ఏటి ఇనాలో అడగాలి లా. అడక్కుండా కొంటే ఎలా?" మమ్మల్నిద్దర్నీ కారెక్కించి క్లాంగు తీసుకుపోయింది. అక్కడ అన్నీ ఇవే అమ్మే కొట్టు. గోడ నిండా వేలాడుతున్నాయి, ఉల్లిపాయ జడల్లాగ. కొట్లో చీనా అమ్మాయి కూడా మా పిల్ల అడిగిందే మలాయిలో అడిగింది. పాటలకా, టీవీకా, ఫోనుకా, అంకుల్‌కి ఏం వినాలనుంది? మా మనవరాలు ఆ మాట తాత చెవి దగ్గర అరిచి చెప్పింది. కొట్లో అందరూ ఇటు తిరిగారు. ఆయన తాపీగా ఆలోచించి, కోళ్ళను తోలే ఆ మెత్తటి గొంతుతోనే అన్నాడు.

"మీ మామ్మ తిట్లు."

మా పిల్ల దాన్ని మలాయిలోకి మార్చి చెబితే చీనా అమ్మాయి నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. నేను గోడకు వేలాడేవాటి ధరలు చూస్తున్నట్టు అటు తిరిగాను.

చెవి చిల్లు సంగతి విన్నాక ఆ అమ్మాయి లోపల్నుంచి వేరే రకం తెచ్చింది. చెవిలో పెట్టేది కాదు, చెవిని మూసేది కాదు. మెడ వెనకనుంచి వచ్చి, చెవికి ముందు, దవడ ఎముక కలిసే చోట రెండు బిళ్ళలు ఆనుకుంటాయి. చెవి తెరిచే ఉంటుంది. శబ్దం ఎముకలోంచి పోతుందట. మా పిల్ల తన ఫోన్‌ను మైకులా పనిచేసేట్టు సర్ది నా చేతికిచ్చి, మాట్లాడమంది. ఏం మాట్లాడాలో తోచక, "బిల్లు సూసి కొను" అన్నాను. అరవలేదు, మామూలుగానే అన్నాను. ఆయన ఉలిక్కిపడి చెంప పట్టుకుని నావైపు తిరిగాడు. తరవాత ఒక చిన్న నవ్వు. "ఇనబడ్డాది" అన్నాడు.

అప్పుడు మా మనవరాలు, తాతా హార్మోనియం, హార్మోనియం అంటూ తన గెడ్డం కొట్లోని బల్లకు ఆనించి చూపించింది. నాకు అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. ఇన్నేళ్ళూ ఆయన హార్మోనియాన్ని చెవితో విననేలేదు. గెడ్డంతో విన్నాడు. అది భక్తి కాదు, బాణీ కాదు, ఆ మనిషికి అందిన ఒకే ఒక దారి. తన గొంతూ ఆయనకు ఎముకలోంచే గట్టిగా వినపడేది, అందుకే ఆ మెత్తటి మాట. నా గొంతు ఆయన చెవికి విసుగెత్తిపోలేదు. నా దగ్గర ఆయన గెడ్డం ఆనించడానికి చోటు లేదు, అంతే. చీనా అమ్మాయి నాకు కుర్చీ వేసింది. ధర చెప్పింది, నేను బేరమాడలేదు. మా పిల్ల అది ఇప్పటికీ అందరికీ చెబుతుంది.

తరవాతి శనివారం దాన్ని తగిలించుకునే మందిరానికి వెళ్ళాడు గాని, అక్కడ అది పనికి రాలేదు. తీగ లేని దాంట్లో శబ్దం రెప్పపాటు వెనకబడి వస్తుందట. మాటలకు ఫరవాలేదు, తాళానికి కుదరదు. భజన ఒక దారి, ఆయన ఒక దారి అయ్యేసరికి తీసి జేబులో పెట్టుకుని మళ్ళీ గెడ్డమే ఆనించాడు. అసలు సంగతి చెప్పినా కుర్రాళ్ళు మాత్రం తలలు ఎత్తలేదు. సంప్రదాయమంటే అలా మానేసేది కాదన్నారు.

ఇంట్లో ఇంకో చిక్కు వచ్చింది. ఇప్పుడాయనకు వినపడుతుంది, నాకు మాట రావడం లేదు. గోడతో మాట్లాడినంత సులువుగా మనిషితో మాట్లాడలేం. మా పిల్ల అలాగే సర్దిచ్చిన నా ఫోన్ ముందు పెట్టుకుని, అన్నానికి రా, బట్టలు తియ్యి, అవే మాటలు మామూలు గొంతుతో చెప్పేదాన్ని. మిగతా పొద్దంతా నోరు మూసుకునేదాన్ని. ఆయన రోజూ పొద్దున్నే దాన్ని తగిలించుకుని నా ఎదురుగా కూర్చునేవాడు, బస్సు కోసం కూర్చున్నట్టు. నాలుగైదు రోజులిలా గడిచాక, ఒక మధ్యాహ్నం వాన పడుతుంటే అరుగు మీద చాటలో ఎండు నెత్తళ్ళ చేపలు పోసుకుని తలలు తుంచుతున్నాను.

"ఏటే, నోరు పడిపోనాదేటి?" అన్నాడు.

తిట్టడానికేమీ దొరకలేదన్నాను.

"తిట్లు కాదే. ఇన్నేళ్ళూ సేపలు బాగుసేస్తా ఏటో అనీదానివి. పెదాలు సూసీవోన్ని. తిట్టీటప్పుడు నువ్వు నా యేపు సూడవు. అది అనీటప్పుడు సూసీదానివి. అదేటో ఇందామనే కదా ఇది తగిలించుకున్నాను."

కొట్లో అందరినీ నవ్వించిన మనిషి అసలు వినాలనుకున్నది ఇదన్నమాట. గోడ అనుకున్నది గోడ కాదు, ఎదురుగా కూర్చుని నా నోటివైపే చూస్తూ ఉంది. వాన ఇంకా పెద్దదైంది. చెయ్యి తుడుచుకుని ఫోన్ తీసుకుని నోటి దగ్గర పెట్టుకున్నాను. ఆయన వైపు చూడకుండా అనేద్దామనుకున్నాను, చూడకుండా రాలేదు.

"నాకన్నా ముందు ఎల్లిపోకు అనీదాన్ని. అంతే. ఇంకేటీ నేదు."

మాట అయిపోయాక, ఒక రెప్పపాటు తరవాత, ఆయన మొహం మారింది. తరవాత చాట తన వైపు లాక్కుని, జీవితంలో ఎన్నడూ వంటపని ముట్టని మనిషి, ఒక నెత్తల్ని తీసి తల తుంచాడు.

"అది నా సేతుల్లో నేదే. ఇది ఉన్నాది," అన్నాడు.

సగం చేప తలతో పాటే పోతోంది, అలా కాదు, మెడ దగ్గర పట్టుకో అని తిట్టాను. చెవుల్లో పడ్డ తిట్టుకు జవాబు చెప్పాడు. నేను మళ్ళీ అన్నాను. చీకటి పడేదాకా పోట్లాడుకున్నాం. కాలం మనుషుల్ని విడదీస్తుందని అంటారు, నిజమే, ఎస్టేటులోనూ చూశాను, ఇక్కడా చూస్తున్నాను. కానీ విడదీసే ముందు అది ఒకోసారి వాన కురిపించి, ఒక్క చాట ముందు ఇద్దర్నీ కాసేపు కూర్చోబెడుతుంది కూడా.