సాయవ్వ రాసిన కార్డు

1988 జూన్‌లో నన్ను కామారెడ్డి వయోజన విద్యా ప్రాజెక్టుకు సూపర్‌వైజరుగా పంపారు. అంతకు ముందు పన్నెండేళ్లు బడిపంతులుగా చేశాను. సూపర్‌వైజరు కింద ముప్పై కేంద్రాలుండేవి. ఒక్కో కేంద్రంలో ముప్పై మంది పెద్దవాళ్లు, వాళ్లకు చదువు చెప్పే ఇన్‌స్ట్రక్టరు ఒకరు. ఇన్‌స్ట్రక్టరుది ఉద్యోగం కాదు, నెలకు కొద్దిపాటి గౌరవ వేతనం ఇచ్చేవారు. నాకు పైన ప్రాజెక్టు అధికారి, ఆయనకు పైన జిల్లాలో డిప్యూటీ డైరెక్టరు. ఊరూరా తిరిగి హాజరు రిజిస్టర్లు చూడటం, పలకలు, వాచకాలు అందాయో లేదో కనుక్కోవడం, నెలాఖరుకు నివేదిక పంపడం నా పని.

ఆ ముప్పైలో మంచి కేంద్రం ఏదో మొదటి నెలలోనే తెలిసిపోయింది. ఎల్లారెడ్డిలో బీడీలు చేసే ఆడవాళ్ల కేంద్రమది. హమీదా అనే ఆమె మధ్యాహ్నం పూట తన ఇంటి అరుగు మీద నడిపేది. అందరి ఒళ్లోనూ చాటలు, చాటల్లో తునికాకు. చేతులు బీడీలు చుడుతుంటే కళ్లు నల్లబల్ల మీద ఉండేవి. హమీదా వాచకాన్ని వరుసగా చెప్పేది కాదు. గల్ఫ్ నుంచి ఎవరింటికి ఉత్తరం వస్తే ఆ రోజు అదే పాఠం. నలభైకి దగ్గరపడిన సాయవ్వ భర్త మస్కట్‌లో ఉండేవాడు. అంతకు ముందు ఆమె తన ఉత్తరాలు కిరాణా కొట్టువాడితో చదివించుకునేది కాబట్టి ఆమె సంసారం గల్లీ అంతా వినేది. ఆరు నెలలకు తానే చదువుకుని, తానే జవాబు రాసింది. ఆ సంగతి నా నివేదికలో కూడా రాశాను.

ఆ ఏడే జిల్లాలో ఉత్తమ కేంద్రానికి బహుమతి ఇస్తామని ఉత్తర్వు వచ్చింది. ఒక్కో సూపర్‌వైజరు ఒక్క కేంద్రాన్నే సిఫారసు చేయాలి. బహుమతి వచ్చిన ఇన్‌స్ట్రక్టరుకు ప్రేరక్ పనిలో మొదటి అవకాశమని కూడా అందులో ఉంది. ప్రేరక్ అంటే కొత్తగా చదువు నేర్చినవాళ్ల కోసం పెట్టే గ్రంథాలయాన్ని చూసుకునే మనిషి. గౌరవ వేతనం ఎక్కువ, కూర్చుని చేసే పని. హమీదా భర్త పోయి నాలుగేళ్లయింది. బీడీలు చేసుకుంటూనే ఇద్దరు పిల్లల్ని సాకుతోంది. పొగాకు దుమ్ముకు దగ్గు పట్టుకుంది. ఆ పని వస్తే చాట పక్కన పెడతానని నాతో అంది.

చిక్కు రిజిస్టరు దగ్గర వచ్చింది. ఏ నెలలోనూ హాజరు సగానికి తగ్గకూడదని నియమం. నాట్ల కాలంలో ఏ కేంద్రానికీ ఎవరూ రారు. ఇన్‌స్ట్రక్టర్లంతా ఇంట్లో కూర్చుని హాజరు వేసేవాళ్లు, మేం చూసి సంతకం పెట్టేవాళ్లం. హమీదా మాత్రం రెండు పేజీలకు అడ్డంగా "నాట్లు. ఎవరూ రాలేదు" అని రాసి పెట్టింది. నేను కొత్త రిజిస్టరు తీసుకెళ్లి, మళ్లీ రాయమన్నాను.

"రాని మనిషిని వచ్చిందని ఎట్ల రాయాలె సార్? ఆళ్లకు రాసుడు నేర్పేదాన్నే నేను" అంది.

నాకు కోపం వచ్చింది. ఈమె మంచికే చెబుతుంటే నీతులు చెబుతుందా అనుకున్నాను. నియమాన్ని సడలించమని పైకి రాయవచ్చు, అలాంటి వీలుంది. రాస్తే, మిగతా ఇరవై తొమ్మిది రిజిస్టర్లు ఎలా నిండాయని అడుగుతారు. అందుకని మాచారెడ్డి దిక్కు ఒక ఊరి కేంద్రాన్ని సిఫారసు చేశాను. అక్కడి ఇన్‌స్ట్రక్టరు కాగితాలు చక్కగా ఉంచేవాడు.

బహుమతికి కేంద్రాలను చూసే కమిటీ రావడానికి వారం ముందు ఆ ఊరు వెళ్లి పరీక్ష పెట్టి చూశాను. పది మంది కూర్చున్నారు. పేరు రాయగలిగింది ఇద్దరు. సిఫారసు వెనక్కి తీసుకుంటే, చూడకుండా ఎలా పంపావని డిప్యూటీ డైరెక్టరు మెమో ఇస్తాడు. అప్పుడు నేను చేసిన పని ఇది. కమిటీ వచ్చే రోజు ఎల్లారెడ్డి వెళ్లి, అధికారులు మీ ఆడవాళ్లను చూస్తామంటున్నారని హమీదాతో చెప్పాను. ఆమె ముఖం వెలిగిపోయింది. బాగా రాసే నలుగుర్ని తానే ఎంచి, ఉతికిన చీరలు కట్టించి, పలకలిచ్చి జీపు ఎక్కించింది.

మాచారెడ్డి దిక్కు ఊరి కేంద్రంలో అక్కడివాళ్లలా కూర్చోవాలని జీపులో వాళ్లకు చెప్పాను. ఊరి పేరు అడిగితే ఎల్లారెడ్డి అని కాకుండా ఏం రాయాలో చెప్పాను.

"మాది గా ఊరు కాదు గద సార్" అంది సాయవ్వ.

"ఒక్క రోజుకేనమ్మా, అందరికీ మంచిది" అన్నాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. కమిటీ ముందు నేను చెప్పినట్టే రాసింది. రాత బాగుందని అధ్యక్షుడు పలక ఎత్తి అందరికీ చూపించాడు. ఆమె చదువు నేర్చి రాసిన మొదటి అబద్ధం నేను రాయించినదే. సాయంత్రం నలుగురినీ ఎల్లారెడ్డిలో దింపి వచ్చాను.

బహుమతి ఆ ఊరికి వచ్చింది. రెండు నెలలకు ప్రేరక్ పని కూడా అక్కడి ఇన్‌స్ట్రక్టరుకే ఇచ్చారు. తర్వాత ఎల్లారెడ్డి వెళితే హమీదా ఎప్పటిలాగే చాయ్ ఇచ్చింది. బహుమతి మాట ఎత్తలేదు. తిట్టినా బాగుండేది.

ఆ మరుసటి నెల డిప్యూటీ డైరెక్టరు ఆఫీసు నుంచి నా పేరు మీద ఒక కవరు వచ్చింది. లోపల పోస్టుకార్డు. వంకరగా, మాటల మధ్య ఖాళీ లేకుండా రాసి ఉంది: "అయ్యగారికి దండాలు. నాది ఎల్లారెడ్డి. ఆనాడు జీపుల తీస్కపోయి వేరే ఊరు రాయిమంటే రాసిన. అది తప్పు. నాకు సదువు చెప్పింది హమీదా పంతులమ్మ. గా ప్రైజు ఆమెది. సాయవ్వ."

కార్డు మీద ఎర్ర సిరాతో "సూపర్‌వైజరు వివరణకు" అని రాసి ఉంది. మా శాఖ పద్ధతి అది. ఫిర్యాదు ఎవరి మీద వస్తే, మెట్టుమెట్టూ దిగి చివరికి వాళ్ల బల్ల మీదికే వస్తుంది. నేను ఎల్లారెడ్డి వెళ్లలేదు. కామారెడ్డిలో కుర్చీలోంచి లేవకుండానే రాశాను: "విచారించితిని. సదరు సాయవ్వ కొత్తగా అక్షరాలు నేర్చిన స్త్రీ. ఇంత విషయము స్వయముగా వ్రాయు స్థాయి ఆమెకు లేదు. గిట్టనివారెవరో ఆమె పేరున వ్రాసినట్లు తోచుచున్నది. చర్య అవసరము లేదు." ఆమె మస్కట్‌కు ఉత్తరాలు రాస్తోందన్న నా పాత నివేదిక అదే ఆఫీసు బీరువాలో ఉంది. తీసి చూసేవాళ్లెవరూ లేరని నాకు తెలుసు. వారంలో ఫైలు మూసేశారు.

తర్వాతిసారి వెళ్లినప్పుడు హమీదా అడిగింది: "సాయవ్వ పెద్దసారుకు కార్డు రాసిందట సార్. నాగ్గూడ చెప్పలే. చేరిందా?"

రాలేదన్నాను.

"పోస్టుల ఏడనో పోయి ఉంటది. ఇంకోటి రాయిమంట."

"వద్దమ్మా, ఆ ఎంపిక అయిపోయింది" అన్నాను. ఆమె నన్ను కొంచెంసేపు చూసి, చాట ఒళ్లోకి తీసుకుని దగ్గుతూ ఆకు సర్దుకుంది. ఆ చూపు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

మేం పెట్టిన పరీక్షల్లో ఎవరు ఏం రాసినా అది మేం అడిగితే రాసిందే. ఎవరూ చెప్పకుండా, తనకు అనిపించి ఒక మనిషి కాగితం మీద పెట్టిన మాట నా ఉద్యోగమంతా కలిపి నా చేతికి వచ్చింది ఆ కార్డొక్కటే. బహుమతి ఇవ్వాల్సింది దాన్ని చూసి. అది ఆమె రాసింది కాదని నేను సంతకం పెట్టాను. తర్వాత నేను ప్రాజెక్టు అధికారినయ్యాక, ఏ ఫిర్యాదునూ అది ఎవరి మీద వచ్చిందో వాళ్ల వివరణకు పంపలేదు. నేనే వెళ్లి, రాసినవాళ్లతో మాట్లాడేవాణ్ణి. అప్పటికి ఎల్లారెడ్డి కేంద్రం మూతపడి మూడేళ్లయింది.