వట్టి ట్యూబు

మిరియంకి పొద్దున్నే అలసట. ద్వారకా నగర్‌లో ఎక్కిన బస్సు రుషికొండ దాటకముందే కళ్లు మూతలు పడతాయి. దిగితే ఎదురుగా రొయ్యపిల్లల హేచరీ, అందులో ఓ మూలగదిలో ఆమె ఉద్యోగం. చెప్పుకోవడానికి ఘనంగానే ఉంటుంది మరి, బంగారంతో జబ్బును పట్టడం! కంటికి ఆనని బంగారు రేణువులు కలిసిన నీళ్లు ఎర్రగా ఉంటాయి. వాటిలో రొయ్యపిల్లల డీఎన్‌ఏ కలుపుతుంది. తెల్లమచ్చ వైరస్ ఉంటే రేణువులు గుంపు కట్టి, ఎరుపు కాస్తా నీలమవుతుంది. ఉప్పు తగిలినా అంతే. అందుకే ముందుగా వట్టి ట్యూబులో ఎర్రనీళ్లు పోసి, ఎరుపు నిలుస్తుందో లేదో చూసుకోవాలి.

ఆ రోజు చూసుకోలేదు. ఒళ్లు సహకరించలేదు, అంతే. వరహాలు పెంచిన ట్యాంకు నీలం చూపించింది.

ట్యాంకుల్లో రొయ్యపిల్లల్ని సాకే పనివాడు వరహాలు, వయసులో పెద్దవాడు. కిందటిసారి రొయ్యపిల్లలు చచ్చిపోయినప్పుడే, మళ్లీ ఇలాగైతే ఇంటికి పొమ్మన్నాడు ఓనరు కామరాజు. జబ్బని ఆమె చెప్పగానే వరహాలు వెళ్లి, అది మిగతావాటికి పాకకుండా తన చేత్తోనే ట్యాంకులో బ్లీచింగు కలిపి పిల్లలన్నిటినీ చంపేశాడు.

రెండో ట్యాంకూ నీలమే. మూడోదీ నీలమే. మిరియంకి అనుమానమొచ్చింది. వట్టి ట్యూబులో ఎర్రనీళ్లు పోసింది. అదీ నీలమే.

అప్పుడు గుర్తొచ్చింది. నిన్న సాయంత్రం వరహాలు, “మీరు కూకోండమ్మా, నాను కడిగెట్టేత్తాను” అంటూ ట్యూబులు పట్టుకెళ్లాడు. పంపునీళ్లు తగిలితే పిల్లలకి ప్రమాదమని, గిన్నె అయినా గరిటె అయినా సముద్రపు నీళ్లతోనే కడిగే మనిషి. ట్యూబుల్నీ అలాగే కడిగాడు, వాటిలో ఉప్పు మిగిలిపోయింది. పాపం, ప్రేమకొద్దీ.

కామరాజు వచ్చి వరహాలు మీద విరుచుకుపడబోతుంటే మిరియం అడ్డుపడింది.

“జబ్బేమీ లేదండీ. ముందు వట్టి ట్యూబు చూడలేదు. తప్పు నాది.”

ఆయన నోటికొచ్చినట్టు తిట్టి, నెలాఖరుకి వేరే పని వెతుక్కోమన్నాడు. ఆమెకి ఏడుపు కూడా రాలేదు, అంత అలిసిపోయింది.

వరహాలు గుమ్మంలోనే నిలబడిపోయాడు. చేతులకి ఇంకా బ్లీచింగు వాసన.

“అయితే నాను సంపేసినాటికి జబ్బేటీ నేదా అమ్మా? బాగానే ఉండేవా?”

“బాగానే ఉండేవి బాబాయ్.”

 వరహాలు అలవాటుగా ట్యూబుల బకెట్టు అందుకున్నాడు. “నన్ను తిట్టనీకుండా అడ్డొచ్చి మాట పడ్డారు. ఇలాగియ్యండమ్మా, ఇయ్యైనా కడిగెడతాను.”

మిరియం బకెట్టు వదల్లేదు. ఎందుకో చెప్పనూ లేదు.

“వద్దు బాబాయ్, నేను కడుక్కుంటాను” అంది.