లాభం, రెండు, మూడు

మొన్న మా మనుమరాలు ఫోన్‌లో పండ్ల బొమ్మలు లెక్కపెడుతూ "ఒకటి" అనగానే, పక్కనే చిక్కుడుకాయలు తుంచుతున్న నేను ఉండబట్టలేక "లాభం!" అని అరిచేశాను. పిల్ల బిత్తరపోయింది. నాకేమో చెప్పలేనంత సంబరం, ఎందుకంటే ఆ ఒక్క మాటతో ఖానాపూర్ దగ్గర నేను పాఠాలు చెప్పిన తొలి బడి కళ్లముందుకొచ్చి నిలబడింది.

మాది మరమగ్గాల మీద బతికిన ఇల్లు. బట్టను మీటర్లలో కొలవడం తెలుసు గానీ, వడ్లు కొలవగా ఎన్నడూ చూసినదాన్ని కాదు. పైగా కొత్త టీచరమ్మనన్న బెట్టొకటి. చింతగింజలు ముందేసి లెక్కపెట్టమంటే ఒకటో తరగతి పిల్లొకతి రోజూ "లాభం, రెండు, మూడు" అనేది. ఎంత దిద్దినా లాభమే. ఒకరోజు విసుగెత్తి, ఒకటి కూడా రాని మొద్దువని అందరి ముందూ తిట్టేశాను. మర్నాటి నుంచి ఆ పిల్ల బడికి రాలేదు.

మూడు రోజులు చూసి, నాలుగోనాడు పొద్దున్నే మనసాగక వాళ్ల కల్లానికి పోయాను. వాళ్ల బాపు కుంచంతో వడ్లు కొలుస్తున్నాడు. మొదటి కుంచానికి "లాభం" అన్నాడు, ఆ తరువాత రెండు, మూడు... లాభమేమిటని అడిగాను.

"పంట కొలిచేటప్పుడు ఒకటి అనం టీచరమ్మా, లాభమంటం. పోరి బడికి రానని ఒకటే ఏడుపు. ఇగ మేకలెంట తోలుదామనుకుంటున్న" అన్నాడాయన.

సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. రాశి చాటు నుంచి తొంగిచూస్తున్న ఆ పిల్లను పిలిచి, నాకు కొలవడం నేర్పమని బతిమాలాను. వాళ్ల బాపు నవ్వి, వడ్లు రెండు కుప్పలు పోశాడు, ఒకటి నిటారుగా, ఒకటి పరుచుకుని, ఏది ఎక్కువో చెప్పమన్నాడు. నేను నిటారుదే ఎక్కువన్నాను. పిల్ల సోలతో లాభం, రెండు అనుకుంటూ రెండూ కొలిచి, "గీ పరిచిందే రెండు సోలలు ఎక్కువున్నది టీచర్, నీకు రాలే!" అని ఎగిరి గంతేసింది. నేనూ గంతేసినంత పని చేశాను! మర్నాడు అందరికన్నా ముందే వచ్చి కూర్చుంది, ఆ రోజు బడంతా లాభం లాభమని మారుమోగిపోయింది.

ఇప్పుడు వడ్లు బస్తాలకెత్తి కాంటా మీద తూస్తున్నారు, పిల్లలకు లెక్కలు ఫోనే నేర్పుతోంది. పాపం, అది మొద్దువని తిట్టదు, తప్పయితే ఎర్రగీత చూపిస్తుందంతే. కానీ పిల్ల అలా ఎందుకన్నదో ఇంటికి పోయి చూసిరాదు. నేనైనా మూడు రోజులు ఆలస్యంగానే పోయాను.