తువ్వాల పడని సీటు

మొన్న కంగ్టి నుంచి ఖేడ్‌కు బస్సులో వస్తుంటే పక్క సీట్లో ఒక అమ్మాయి, మా చిన్నబిడ్డ వయసే ఉంటుంది, ఫోనులో విమానాల ఆట ఆడుతోంది. ఇంకొకరి ఫోనులోకి చూడకూడదని తెలిసీ మెడ చాచి చూశాను. కింద చిన్న విమానం, పైనుంచి వానలా గుండ్లు, మూలన వాడకుండా మిగిలిన రెండు బాంబులు. చూస్తుండగానే విమానం పేలిపోయింది, బాంబులు మాత్రం మూలనే ఉండిపోయాయి. నా నోరు ఊరుకుంటేగా! "బాంబు ఉండె గద బిడ్డా, నొక్కకపోతివి" అన్నాను. ఆ పిల్ల నా నెరిసిన మీసాల వైపు వింతగా చూసి, "ముంగట అక్కరకొస్తయని దాసుకున్న కాకా" అని నవ్వింది. నేనూ నవ్వాలి, కానీ నవ్వు రాలేదు.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు ఖేడ్ బస్టాండు ఎదురుగా, ఎస్టీడీ బూత్ వెనక గదిలో, రెండు వీడియో గేమ్ పెట్టెలు ఉండేవి. ఒకటి కొట్లాట ఆట, దాని చుట్టూ ఎప్పుడూ గుంపే. రెండోది విమానాల ఆట, దాని దగ్గరికి ఎవరూ పోయేవారు కాదు, ఎందుకంటే అది మనిషిని నిలబడనిచ్చేది కాదు, ఉన్న మూడు ప్రాణాలూ చాయ్ తాగే లోపల ఊడ్చి పెట్టేది. పక్క సందులో దర్జీ దుకాణంలో గుండీలు కుట్టే పనికి కుదిరిన నేను, మీసం ఇంకా సరిగా రాని రోజుల్లోనే, ఆ పెట్టెకు చిక్కుకున్నాను.

అందులో ఏముందని ఇప్పటికీ మా ఇంటిది అడుగుతుంది. చెప్పడం కష్టం. దూరం నుంచి చూస్తే తెరంతా గుండ్లే, సూది దూరే సందు కూడా ఉండదు. కానీ పదిసార్లు, ఇరవైసార్లు చచ్చాక ఆ గుండ్ల మధ్య ఒక దారి కనబడుతుంది, అప్పుడు చేయి దానంతట అదే కదులుతుంది, చెవులకు బయటి లోకం వినబడదు. అన్నిటికంటే నాకు నచ్చింది దాని న్యాయం. చచ్చినప్పుడల్లా తప్పు నాదేనని తెలిసిపోయేది, ఇంకొకరి మీదికి నెట్టే వీలే ఉండేది కాదు. అట్లాంటి ఆట నేర్పిన బుద్ధి బయటికొచ్చాక నాకు ఏమాత్రం అంటలేదు, అదే నా సిగ్గు.

మా మనూర్ వైపు తల్లిని అవ్వ అంటాం. ఆ ఏడు మా అవ్వకు కడుపు ఆపరేషన్ అయింది. కుట్లు విప్పించడానికి సంగారెడ్డి దవాఖానకు పోవాలి, నిలబడి ప్రయాణం చేయొద్దని ముందే చెప్పి పంపారు. పొద్దున ఎనిమిది గంటల బస్సుకు సోమవారం పూట సీటు దొరకడమంటే మాటలు కాదు, బస్సు మలుపు తిరుగుతుండగానే కిటికీలోంచి తువ్వాల వేసినవాడిదే సీటు. అక్క అవ్వను ఆటోలో మెల్లగా తీసుకొస్తుంది, ఖేడ్‌లోనే పనిలో ఉన్న నేను ముందే పోయి తువ్వాల వేయాలి. నాయిన కబురు పెట్టి నాకు అప్పజెప్పిన పని అదొక్కటే.

భుజం మీద తువ్వాలతో ఏడున్నరకే బస్టాండుకు చేరాను. బస్సు రాలేదు, ఎదురుగా గది తలుపు తెరిచి ఉంది. ఒక్క ఆటే అనుకున్నాను. ఆ రోజే, ఎన్నడూ దాటని నాలుగో అంకంలో శత్రువుల పెద్ద ఓడ నా ఎదుట తునకలవుతోంది. బస్సు హారన్ వినబడలేదని చెబితే అబద్ధం, వినబడింది. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకున్నాను. ఓడ పేలింది. అయిదో అంకంలోకి అడుగుపెట్టగానే నేనూ పేలిపోయాను, మూడు బాంబులు చేతిలో ఉండగానే. అయినా తెర మీది పాయింట్ల పట్టీలో నా పేరు మూడక్షరాలు అందరికంటే పైన ఎక్కించి ఉరికాను.

బస్సు కిక్కిరిసి ఉంది. మెట్ల దగ్గర అక్క నా కోసం వెతుకుతోంది, అవ్వ కడుపు మీద చేయి అదిమి పట్టుకుని నిలబడింది. "తువ్వాల ఏసిన్నే అవ్వా, ఎవడో తీసి పడేసి కూసున్నడు" అన్నాను. అవ్వ నా ముఖం చూడలేదు, నా భుజం చూసింది. తువ్వాల అక్కడే ఉంది, మడత కూడా నలగలేదు. రాడ్ పట్టుకుని మెట్లెక్కింది.

మగవాళ్ల ముందు ఆపరేషన్ మాట ఎత్తడం అవ్వకు నామోషీ, అక్కను ఎవరినీ సీటు అడగనీయలేదట. సగానికి పైగా దారి, జోగిపేట దాకా, నిలబడే పోయింది. ఒక కుట్టు విచ్చుకుంది, మళ్లీ వేశారు, ఆ ఏడు పత్తి ఏరడానికి చేనులోకి దిగలేకపోయింది. నాయిన గర్జిస్తే మాత్రం, "పోరడు ఏసిండు, ఎవడో తీసిండు" అని నా అబద్ధాన్నే తన నోటితో చెప్పింది. ఆ మధ్యాహ్నమే కరెంటు పోయి పెట్టెలో నా పేరు చెరిగిపోయింది, అవ్వ కడుపు మీది గీత మాత్రం చివరిదాకా ఉంది.

తప్పు నాదేనే అవ్వా అని ఒక్క మాట అనాలని చాలాసార్లు అనుకున్నాను. నా పెళ్లినాడు అనుకున్నాను, బిడ్డ పుట్టినప్పుడు అనుకున్నాను, ఆమె మంచాన పడ్డాక రోజూ అనుకున్నాను. ఇంకా మంచి సమయం రానీ అని దాచుకుంటూ వచ్చాను. ఆమె పోయి తొమ్మిదేళ్లయింది.

ఇప్పుడా గది లేదు, అక్కడ సెల్‌ఫోన్ల దుకాణం వెలిసింది. తువ్వాలలు మాత్రం ఇప్పటికీ కిటికీల్లోంచి పడుతూనే ఉన్నాయి. ఆట కూడా మెత్తబడింది, చచ్చినవాడు ఒక ప్రకటన చూస్తే చాలు, చచ్చిన చోటే మళ్లీ లేస్తాడు. మొన్న ఆ పక్క సీటు అమ్మాయి కూడా ఆటలో అట్లాగే లేచి, ఈసారి నా మాట విని, గుండ్లు ముసురుకోగానే బాంబు నొక్కింది. తెరంతా ఒక్కసారి ఖాళీ అయింది. "మంచిగ చెప్పినవ్ కాకా" అంది. నేను కిటికీ వైపు తిరిగి, భుజం మీది తువ్వాల తీసి ఒళ్లో పెట్టుకున్నాను.